ప్రజాధనంతో విదేశీ విద్య - ఎవరి కోసం?

అభివృద్ధి చెందుతున్న దేశాల ప్రభుత్వోద్యోగులు విదేశీ విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర విద్య అభ్యసించుటకు ప్రభుత్వాలు ఇచ్చే ఉపకార వేతనాలను గురించి మన ఉద్యోగులలో జరగవలసినంత చర్చ జరగడం లేదు. అది పెద్ద అధికారుల వ్యవహారమని, మనకు సంబంధించినది కాదని చాలామంది భావిస్తున్నారు. ఈ భావన సరియైనది కాదని మా అభిప్రాయం. ఆ చదువుకయ్యే ఖర్చు ఏ దేశం భరించినా ప్రజాధనమే. అది ముగించుకొని వచ్చినవారు చేసే నిర్ణయాలు అమలయ్యేది మన స్టేషన్లలో, వర్కుషాపులలో, తపాలా కార్యాలయాలలోనే.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1950 జనవరిలో కొలంబోలో సమావేశమైన కామన్వెల్తు విదేశాంగ మంత్రుల ఆలోచన నుండి పుట్టిన కొలంబో ప్రణాళిక 1951 జూలైలో అమలులోకి వచ్చింది. 1959లో ఆక్స్‌ఫర్డులో జరిగిన విద్యా సమావేశం కామన్వెల్తు ఉపకార వేతనాలకు పునాది వేసింది. నేడు చీవెనింగ్ పేరుతో ప్రసిద్ధమైన పథకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1983లో ప్రారంభించింది. వీటిలో ఔదార్యమూ ఉన్నది, ఇచ్చేవారి రాజకీయ ప్రయోజనమూ ఉన్నది. కొలంబో ప్రణాళిక వెనుక ఆసియాలో కమ్యూనిజం వ్యాపిస్తుందన్న భయం కూడ పనిచేసిన మాట దాచవలసినది కాదు.

అయితే మన దేశం పుచ్చుకొని ఊరుకోలేదు. ఇతరులకు ఇచ్చింది కూడ. అందుకు కోల్‌కతా నగరమే సాక్ష్యం. భారత గణాంక సంస్థ ఆధ్వర్యాన 1950లో ఇక్కడ అంతర్జాతీయ గణాంక విద్యా కేంద్రం నెలకొన్నది. ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులనేకులు అందులో శిక్షణ పొందారు. 1964లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సాంకేతిక, ఆర్థిక సహకార పథకం క్రింద వచ్చే విదేశీ ఉద్యోగుల ప్రయాణ ఖర్చు, బోధనా రుసుము, బస మన ప్రభుత్వమే భరిస్తున్నది.

ఆ గణాంక సంస్థకు వన్నె తెచ్చినవారిలో మన తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు అగ్రగణ్యులు. విశాఖపట్టణంలో గణితం చదివి 1941లో ఆయన కోల్‌కతా చేరారు. 1946లో ఒక పని నిమిత్తం సంస్థ ఆయనను కేంబ్రిడ్జిలోని మానవశాస్త్ర ప్రదర్శనశాలకు పంపింది. ఆ పని చేస్తూనే ఫిషరుగారి వద్ద పరిశోధన సాగించి 1948లో డాక్టరేటు పొందారు. తిరిగి వచ్చి దాదాపు మూడు దశాబ్దాలు ఆ సంస్థలోనే బోధించి తరతరాల విద్యార్థులను తీర్చిదిద్దారు. పని కోసం పంపడం, వచ్చిన తరువాత ఆ పనికే వినియోగించడం: సరియైన పద్ధతి ఇదియే.

నేటి పరిస్థితి ఏమిటి? కేంద్ర ప్రభుత్వ నిధులతో విదేశీ శిక్షణకు పంపే పథకం ప్రధానంగా అఖిల భారత సర్వీసుల, కేంద్ర గ్రూపు-ఎ సర్వీసుల అధికారుల కొరకు ఏర్పడినది. 1972 నాటి కేంద్ర సెలవు నియమాలలో అధ్యయన సెలవు ఉన్నది. ఐదేండ్ల సర్వీసు ఉండి, చదువు తన విధులతో సన్నిహిత సంబంధం కలదైనచో గ్రూపు-సి ఉద్యోగి కూడ దానిని కోరవచ్చును. రైల్వేకు ఇటువంటి నియమాలే వేరుగా ఉన్నాయి. కాని బోధనా రుసుము సాధారణంగా ఉద్యోగియే చెల్లించుకోవాలి. విదేశీ విశ్వవిద్యాలయపు రుసుము ఒక స్టేషను మాస్టరుకో, సార్టింగ్ అసిస్టెంటుకో అందేది కాదు. తలుపు తెరిచే ఉన్నది. మెట్లు మాత్రం లేవు.

విదేశం నుండి తెచ్చే జ్ఞానం ఎటువంటిదన్నది వెళ్ళినవారి అనుభవాన్నిబట్టి ఉంటుంది. బ్రిటిష్ రైల్వేలనే తీసుకొందాం. 1993 చట్టంతో వాటిని ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. పట్టాల నిర్వహణ కాంట్రాక్టర్ల పాలయింది. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డు వద్ద పట్టా విరిగి, రైలు పట్టాలు తప్పి నలుగురు మరణించారు. 2002లో మార్గాలు నెట్‌వర్క్ రైల్ చేతికి వచ్చాయి. పట్టాల నిర్వహణను తిరిగి స్వంత సిబ్బందితోనే చేయించాలని 2003లో ఆ సంస్థ నిర్ణయించింది. ఈ చరిత్రను కాంట్రాక్టు పత్రాలనుబట్టి ఒక అధికారి అధ్యయనం చేయవచ్చు. ఎండలో, వానలో పట్టా వెంట నడిచిన పర్మనెంట్ వే సూపర్‌వైజరు వెళితే అడిగే ప్రశ్నలు వేరు: పగులు సంగతి ముందే తెలిసి కూడ పట్టా ఎందుకు మార్చలేదు? చెప్పినవారి మాట ఎవరు విన్నారు? అటులనే 2013లో మొదలై 2015లో పూర్తయిన రాయల్ మెయిల్ అమ్మకం వలన బట్వాడాకు ఏమి జరిగినదో విచారించడానికి, సంచి మోసిన తపాలా ఉద్యోగిని మించిన విద్యార్థి ఎవరు?

ఖాళీలు నింపకుండా, పనిభారం తగ్గించకుండా విదేశీ చదువుల ముచ్చట ఎందుకని కొందరు సోదరులు అడుగవచ్చు. వారి ఆవేదన న్యాయమైనదే. కాని ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. ఎన్ని మనుష్యులతో ఎంత పని సురక్షితంగా జరుగునో లెక్కగట్టే విద్య మనవారికి లేనంతకాలం, ఆ లెక్కను ఇతరులే కడుతుంటారు.

కావున మేము ప్రభుత్వాన్ని కోరేది ఇది. ప్రభుత్వ ఖర్చుతో జరిగే విదేశీ విద్యలో గ్రూపు-బి, గ్రూపు-సి పట్టభద్రులకు నిర్దిష్టమైన వాటా కేటాయించాలి. విదేశీ ప్రభుత్వాల ప్రకటనలన్నింటిని ప్రతి డివిజనుకు, ప్రతి తపాలా, ఆర్.ఎం.ఎస్. కార్యాలయానికి గడువుకు చాల ముందుగా పంపాలి. ఎంపిక ప్రమాణాలు, ఎంపికైనవారి జాబితా బహిరంగపరచాలి. ఎంపికైనవారి బోధనా రుసుము ప్రభుత్వమే భరించాలి. తిరిగి వచ్చిన తరువాత మూడేండ్లు సేవ చేయాలన్న షరతును అందరికీ సమానంగా అమలుపరచి, నేర్చినదానికి సంబంధించిన పనిలోనే నియమించాలి.

మన శాఖలపై కూడ బాధ్యత ఉన్నది. పట్టభద్రులైన సభ్యుల వివరాలు సేకరించండి. అధ్యయన సెలవు నియమాలను సమావేశాలలో చదివి వినిపించండి. అర్హులైనవారిచేత దరఖాస్తులు పెట్టించండి. తిరస్కరిస్తే కారణం వ్రాతపూర్వకంగా అడగండి. అడుగనివారికి రూలు పుస్తకంలోని హక్కు కాగితం మీదనే ఉండిపోవును.