పది రూపాయల చాయ్: ధర మారలేదు, చాయ్ మారుతోంది

2014 లోక్‌సభ ఎన్నికల్లో ‘చాయ్ పే చర్చా’ పేరుతో ఊరూరా ప్రచారం నడిచింది. అదే సంవత్సరం మే 1న వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి చాయ్ అమ్మేవాడి పేరు రాజకీయాల్లో బాగానే వినిపిస్తోంది గానీ, రోడ్డు పక్కన బండి పెట్టుకున్న మనిషి లెక్క మాత్రం ఎవరూ అడగడం లేదు. మన బస్తీల్లో అన్నదమ్ములో, మామలో, పక్కింటివాళ్లో ఎవరో ఒకరు ఈ బండి మీదే బతుకుతున్నారు. కాబట్టి ఇది మన ఇంటి విషయమే.

ఇది ఊరికే వచ్చే పని కాదు

హోటల్ ఇరానీ చాయ్‌లో పాలు వేరు, డికాషన్ వేరు. పాలు గంటల తరబడి సన్నని సెగ మీద మరుగుతాయి, డికాషన్ మూతపెట్టి దమ్ మీద ఉంటుంది, రెండూ కప్పులోనే కలుస్తాయి. మసాలా కూడా ఉండదు. బండి మీది మసాలా చాయ్ దారి వేరు. ఒకటే గిన్నె, ఒకటే స్టవ్, ఎదురుగా నిలబడ్డ గిరాకీ. అందులోనే అన్నీ వరుస తప్పకుండా పడాలి.

ముందు నీళ్లు, అందులో దంచిన అల్లం. అల్లాన్ని నేరుగా పచ్చిపాలల్లో వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. నీళ్లల్లో బాగా మరిగితే దాని బలం పోతుంది. ఆ తర్వాత టీ పొడి, చక్కెర, పాలు. పొంగు వచ్చినప్పుడల్లా సెగ తగ్గించి, గరిటెతో ఎత్తి పోస్తూ రెండు మూడు పొంగులు రానివ్వాలి. ఎక్కువ మరిగితే చేదెక్కుతుంది, తక్కువైతే పచ్చివాసన పోదు. ఇలాచీ చివర్లో దంచి వేస్తారు. ముందే వేస్తే వాసనంతా ఆవిరితో పోతుంది. ఎండాకాలం అల్లం తగ్గించడం, వానాకాలం శొంఠి, మిరియాలు పెంచడం, సాయంత్రం గిరాకీకి కాస్త స్ట్రాంగ్‌గా కాయడం... ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు, చేత్తో వచ్చిన విద్య.

ఈ మసాలా వెనక కూడా ఖర్చు లెక్కే ఉంది. బ్రిటిష్ కాలంలో టీ పొడి పేదలకు ఖరీదైన సరుకు. పొడి తగ్గించి పాలు, చక్కెర, మసాలా పెంచి వీధి వ్యాపారులు దాన్ని మనకు అందుబాటులోకి తెచ్చారు. 1930ల్లో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతి తర్వాతి దశాబ్దాల్లో దేశమంతా పాకింది. కొద్దిపాటి పొడికే చిక్కటి రంగు, గట్టి రుచి రావడంతో బండి చాయ్ నిలదొక్కుకుంది.

లెక్క చూద్దాం

ఒక ఉదాహరణ వేసుకుందాం. లీటరు పాలకు తగినన్ని నీళ్లు కలిపితే చిన్న కప్పులు 18 వస్తాయనుకోండి. పది రూపాయల చొప్పున 180. పాలకు 60, టీ పొడికి 14, చక్కెరకు 6, అల్లం ఇలాచీకి 8, పేపర్ కప్పులకు 9, గ్యాస్‌కు 10 అనుకుంటే ఖర్చు 107. మిగిలేది 73. రోజుకు పది లీటర్ల పాలు అమ్మితే 730 రూపాయలు. అందులోంచే బండి కిరాయి, హెల్పర్ కూలీ, డైలీ ఫైనాన్స్ కిస్తీ, కొన్నిచోట్ల మామూళ్లు కూడా పోవాలి. వానపడ్డ రోజు అదీ ఉండదు.

ఇప్పుడు పాల ధర లీటరుకు నాలుగు రూపాయలు పెరిగిందనుకోండి. రోజుకు 40, నెలకు 1,200 పోయినట్టే. 19 కిలోల వాణిజ్య సిలిండర్ ధరను కంపెనీలు మామూలుగా నెల మొదట్లో సవరిస్తుంటాయి. ఇంటి సిలిండర్ వాడితే నేరం, పట్టుబడితే జప్తు. చాయ్ ధర 12 చేద్దామంటే చిల్లర గొడవ, పైగా పక్క బండివాడు పదికే ఇస్తాడు.

అందుకే ధర ఆగిపోతుంది, కోత మాత్రం కప్పులో పడుతుంది. ముందు కప్పు చిన్నదైంది. తర్వాత పాలల్లో నీళ్లు పెరిగాయి. ఇలాచీ బదులు ఎసెన్స్ వచ్చింది. అక్కడక్కడా రంగు కలిపిన పొడి, ఒకసారి వాడిన పొడినే ఎండబెట్టి మళ్లీ అమ్మే దందా కూడా బయటపడింది. రంగు పొడిని ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఫిల్టర్ పేపర్ మీద పొడి చల్లి, నీళ్లు చిలకరించి, పొడి తీసేసి చూడండి. కాగితం మీద రంగు మరకలు పడితే అనుమానించాల్సిందే.

కప్పు సంగతీ అంతే. పేపర్ కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు పరీక్షించినప్పుడు, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు అందులో ఉంటే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు కలుస్తున్నాయని తేలింది. గాజు గ్లాసు మంచిదే. కానీ దాన్ని కడగడానికి బండి దగ్గర మంచినీళ్లేవీ?

చట్టం ఉంది, కాగితం లేదు

2014 చట్టం ప్రకారం ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా తొలగించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. కాగితం మీద ఇంత రక్షణ ఉంది. రోడ్డు మీద మాత్రం పొద్దున బండి పెట్టినవాడు సాయంత్రం దాకా ఉంటాడో లేదో తెలియదు. ఎప్పుడు లేపేస్తారో తెలియనివాడు నీళ్ల ట్యాంకు, మంచి స్టవ్, గాజు గ్లాసుల మీద డబ్బు ఎలా పెడతాడు?

పీఎం స్వనిధి పథకం 2020 జూన్‌లో 10 వేల రుణంతో మొదలైంది. 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 2030 మార్చి దాకా పొడిగించి, మొదటి విడత 15 వేలు, రెండో విడత 25 వేలు, మూడో విడత 50 వేలుగా మార్చింది. సకాలంలో కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అయినా ఇది వడ్డీ రుణమే కాబట్టి మన కుటుంబాల్లో కొందరు వెనకాడతారు. తీరా అవసరం ముంచుకొస్తే డైలీ ఫైనాన్స్ దగ్గర అంతకు ఎన్నో రెట్ల వడ్డీ కడతారు. బస్తీ కమిటీలు, వడ్డీలేని రుణ సొసైటీలు ఈ చిన్న మొత్తాల మీద దృష్టి పెట్టాలి. ఒక బండికి కావలసింది లక్షలు కాదు.

ఏం చేయాలి

బండి ఉన్న ప్రతి కుటుంబం ముందు మున్సిపాలిటీ సర్వేలో పేరుందో లేదో చూసుకోవాలి. లేకపోతే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఐడీ కార్డు, సర్టిఫికెట్ ఏది ఉన్నా జిరాక్స్ బండి మీదే ఉంచాలి. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. నోటీసు లేకుండా బండి ఎత్తుకెళ్తే ఫొటో, తేదీ, టైమ్ రాసిపెట్టుకోవాలి. మున్సిపాలిటీలు ఊరికే ఊడ్చేయడం మాని వెండింగ్ జోన్‌లో ఒక కుళాయి, ఒక చెత్తడబ్బా పెడితే సగం సమస్య తీరుతుంది.

మనవైపు నుంచీ ఒక మాట. నిజంగా అల్లం, ఇలాచీ దంచి కాచే మనిషి రెండు రూపాయలు పెంచితే గొడవ పడకండి. రంజాన్‌లో తరావీహ్ తర్వాత ఆ బండి చుట్టూ గుమిగూడే మనం ఈ లెక్క తెలుసుకుని తాగాలి. ఆ రెండు రూపాయలు ఇవ్వకపోతే అవి పాలల్లోంచో, పొడిలోంచో, ఆయన పిల్లల ఫీజులోంచో పోతాయి.