హాజరు పట్టికలో కనిపించని కులం

జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోని ఎం.టెక్ విద్యార్థి ఒక సెమిస్టరు నుంచి తరువాతి సెమిస్టరుకు వెళ్లడానికి తప్పనిసరిగా ఉండవలసింది హాజరు. రెండు మూడు సబ్జెక్టులు తప్పినా అతడు ముందుకు సాగవచ్చు, సప్లిమెంటరీలో వాటిని గట్టెక్కవచ్చు. హాజరు మాత్రం సగటున 75 శాతం ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే, సహేతుకమైన కారణానికి ఆధారం చూపి రుసుము చెల్లిస్తే కళాశాల అకడమిక్ కమిటీ మన్నిస్తుంది. 65కు దిగువన మన్నింపు లేదు. ఆ విద్యార్థి డిటెయిన్ అవుతాడు. ఆ సెమిస్టరు మళ్లీ నడిచినప్పుడు వచ్చి చేరాలి. రెండేళ్ల చదువును మొత్తం నాలుగేళ్లలోపు ముగించకపోతే సీటే పోతుంది.

ఈ నిబంధనలలో ఎక్కడా కులం ప్రస్తావన లేదు. అందుకే అవి అందరికీ సమానమని అనిపిస్తాయి. వాటిని పశ్చిమ ప్రకాశంలో పెట్టి చూస్తే ఆ సమానత్వం ఎంత పలుచనో అర్థమవుతుంది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావి. జిల్లా మారింది గాని నీటి రాత మారలేదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ కోసం ఒక తరమంతా ఎదురుచూసింది. ఫ్లోరైడ్ నీరు, వానమీద ఆధారపడిన చేలు, తరిగిపోయిన పలకల పని. తర్లుపాడు, కొమరోలు, అర్ధవీడు, పెద్దారవీడు మండలాల మాదిగ, మాల పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు, మేస్త్రీ పనులకు హైదరాబాదుకు వలస పోవడం ఏటా జరిగేదే. ఆ ఇళ్లలో ఎం.టెక్ దాకా వచ్చిన పిల్లవాడు చదువుకునేవాడు మాత్రమే కాదు, ఇంటికి ఒక కూలి కూడా. తల్లిదండ్రులు వలస వెళ్తే ఇల్లు, చెల్లెలు, ముసలివాళ్లు అతడి మీద పడతారు. పని దొరికిన నెలలో అతడే పనికి వెళ్తాడు.

సెమిస్టరులో 90 పనిదినాలు ఉన్నాయనుకుందాం. 31 రోజులు రాకపోయినా మన్నింపుకు అవకాశం ఉంది, 32వ రోజుతో ఆ అవకాశం పోతుంది. పైగా ఆచరణలో సహేతుకమైన కారణమంటే వైద్యుడు రాసిచ్చిన చీటీ. జ్వరానికి చీటీ దొరుకుతుంది. కూలికి వెళ్లినందుకు చీటీ ఎవరిస్తారు? అబద్ధపు జబ్బుకు మన్నింపు, నిజమైన పేదరికానికి డిటెన్షన్!

ఇక్కడ మరో మాట కూడా చెప్పుకోవాలి. కొన్ని ప్రైవేటు కళాశాలల్లో ఎం.టెక్ హాజరు పట్టికలు ఎలా నిండుతాయో ఈ రంగం తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. తరగతి ముఖం చూడకుండానే పట్టా పుచ్చుకున్నవారూ ఉన్నారు. ఫీజు సకాలంలో కట్టినవారి విషయంలో చూసీచూడనట్టు పోయే పట్టిక, బకాయి పడ్డవాడి దగ్గరకు వచ్చేసరికి అక్షరాలా అమలవుతుంది. ఆ బకాయి అతడి దుబారా వల్ల వచ్చిందా? మార్కాపురం, గిద్దలూరు పరిసరాల్లో ఎం.టెక్ చదవాలంటే ప్రైవేటు కళాశాలే గతి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77, ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటును నిలిపివేసింది. ఊరు దాటలేని పేద విద్యార్థికి ఆ ఉత్తర్వు చేసిన నష్టం ఇంత అని చెప్పలేం. గేట్‌లో అర్హత పొందిన కొద్దిమందికి ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయలు ఇస్తుంది, అదీ గరిష్ఠంగా 24 నెలలే. సెమిస్టరు పోగొట్టుకున్నవాడు ఆ అదనపు కాలాన్ని చేతి సొమ్ముతోనే గడపాలి.

పీజీఈసెట్‌లో ర్యాంకుకు 120కి 30 మార్కులు రావాలన్న షరతు ఎస్సీ, ఎస్టీలకు లేదు. డిగ్రీలో 50కి బదులు 45 శాతం చాలు. లోపలికి రానివ్వడానికి రాజ్యం ఇంత ఆలోచించింది. లోపలికి వచ్చినవాడు బయటికి ఎలా వెళ్తున్నాడో చూడటానికి మాత్రం ఎవరినీ నియమించలేదు.

చూడకపోతే ఏం జరుగుతుందో పెద్ద సంస్థల అనుభవం చెబుతోంది. 2008లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్, పందులు పెంచే కులం నుంచి వచ్చినవాడు. కోర్సువర్క్ పరీక్ష తప్పడం, ఫెలోషిప్ ఆగడం ఆ విషాదానికి నేపథ్యం. నిబంధనలలోని అస్పష్టత దళిత, ఆదివాసీ విద్యార్థులనే ఎక్కువగా దెబ్బతీసిందని ఆచార్య వినోద్ పావరాల కమిటీ గుర్తించింది. 2015లో రూర్కీ ఐఐటీ, సగటు గ్రేడు 5కు తగ్గిందని మొదటి సంవత్సరం విద్యార్థులు 73 మందిని తొలగించింది. వారిలో అత్యధికులు ఎస్సీ, ఎస్టీ, బీసీలే. నిరసనల తరువాత మరో అవకాశం ఇచ్చారు. ఆ రెండు సంస్థలూ దేశం దృష్టిలో ఉన్నవి కాబట్టి కనీసం చర్చ జరిగింది. నల్లమల అంచున ఒక కళాశాలలో ఒక ఎం.టెక్ విద్యార్థి డిటెయిన్ అయితే అది వార్త కూడా కాదు.

ప్రమాణాలు దిగజారుతాయన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. చివరి పరీక్షలో 40 శాతం, అంతర్గత మార్కులతో కలిపి 50 శాతం తెచ్చుకోవాలన్న షరతును తగ్గించమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. విద్యార్థికి సబ్జెక్టు వచ్చో రాదో తేల్చేది ఆ పరీక్ష, ఆపైన థీసిస్. సబ్జెక్టు రానివాడిని పైకి పంపుతూ, రోజులు తగ్గినవాడిని ఆపే నిబంధనకు ప్రమాణాల పేరు పెట్టడమే విడ్డూరం.

ఆగిపోయినవాడికి తిరుగుదారి కూడా నమ్మకమైనది కాదు. పదిమంది లేని ఎం.టెక్ బ్రాంచీలు ఏటా మూతపడుతున్న కాలమిది. మళ్లీ ఆ సెమిస్టరు నడిపినప్పుడు రమ్మంటే, అది నడుస్తుందన్న హామీ ఏది? ఈలోగా నాలుగేళ్ల గడియారం మాత్రం ఆగదు. ఇంజనీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎం.టెక్ తప్పనిసరి. ప్రైవేటు కళాశాలల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ లేదు. ఆ పట్టా కూడా మధ్యలో జారిపోతే రేపు మార్కాపురంలో బోర్డు ముందు ఏ వాడలవారు నిలబడతారో ఊహించడం కష్టం కాదు.

వలస, ఉపాధి, కుటుంబ భారం కూడా హాజరు మన్నింపుకు కారణాలేనని విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా గుర్తించాలి. తహసీల్దారు ధ్రువపత్రమో, ఉపాధి హామీ జాబ్‌కార్డో ఆధారంగా సరిపోవాలి. పేదరికం వల్ల పోయిన సెమిస్టరును నాలుగేళ్ల గడువులో లెక్కించకూడదు. వృత్తివిద్యలో మొదటిసారి తప్పిన ఎస్సీ విద్యార్థికి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కొనసాగించవచ్చని ఒకప్పటి కేంద్ర మార్గదర్శకాలే చెప్పాయి, ఎం.టెక్ విద్యార్థికి అదే ఊరట ఇవ్వడం రాష్ట్రానికి మోయలేని భారం కాదు. ఇక ప్రతి సెమిస్టరు చివర డిటెయిన్ అయినవారి జాబితా కళాశాలల నుంచి విశ్వవిద్యాలయానికి ఎలాగూ చేరుతుంది. అందులో సామాజిక వర్గం అన్న గడి ఒకటి చేర్చి, పేర్లు తీసేసి, అంకెలు ప్రకటించడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. వచ్చే సెమిస్టరు నుంచే ఆ పని మొదలుపెట్టవచ్చు.