చీటీ ధర, చేతి ధర

అమెరికాలో 1958 నాటి చట్టము ప్రకారము ప్రతి కొత్త కారు అద్దముపై తయారీదారు సూచించిన ధర చీటీ ఉండవలెను. కాని ఆ ధరకే అమ్మవలెనను నిర్బంధము లేదు. కొద్దిగా తయారగు స్పోర్ట్సు కార్లకు కొందరు డీలర్లు ప్రక్కనే “మార్కెట్ సవరణ” అని రెండవ చీటీ అంటించి వేల డాలర్లు అదనముగా అడుగుచున్నారు. ఆ సొమ్ములో కారు చేసిన కార్మికునికి దమ్మిడీ చేరదు.

కొనువాడు ధనికుడే, మనకేల యని కొందరనవచ్చును. నూలు కొరతలో చీటీ ధర ఒకటి, చేతి ధర ఒకటి చూచిన మనము అట్లనలేము. 2016లో ఫోర్డు కంపెనీ తన జి.టి. కారుకు తానే దరఖాస్తులు తీసికొని కొనువారిని ఎంపిక చేసినది. రెండేండ్లు మారు అమ్మరాదని ఒప్పందము వ్రాయించుకొన్నది. సరుకు తక్కువైనప్పుడు పంపకము తయారీదారు చేతిలోనే ఉండవలెనని మా అభిప్రాయము.