మందిరం ఆవరణలో తంగేడుకు చోటిద్దాం

బళ్లారి చుట్టుపక్కల కొత్తగా కట్టుకున్న మన మందిరాలను చూడండి. గేటు నుంచి గుమ్మం దాకా సిమెంటు పలకలు, గోడ వెంబడి క్రోటన్లు, నీళ్ల వసతి ఉంటే కాస్త లాన్. శుభ్రంగానే ఉంటుంది. కానీ సీతాకోకచిలుక గుడ్డు పెట్టుకునే ఆకు ఎక్కడా కనబడదు. గోడ బయట రాళ్లలో పచ్చగా పూసిన తంగేడును మాత్రం పిచ్చిమొక్క అని పీకేస్తున్నాం.

తంగేడు మనకు పరాయిది కాదు. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకు, మిగతావాటిని మైసూరుకు ఇచ్చారు. కన్నడంలో తంగడి అన్నా, తెలుగులో తంగేడు అన్నా పొద ఒక్కటే. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల పెద్దలు తోలు పని చేసినవారే. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్కతో ఊరబెట్టేవారు. ఆ తోలే రైతుకు చెప్పులైంది, కపిల బావిలో నీళ్లు తోడే సంచి అయింది. ఆ నీళ్లతో పండిన గింజ ఊరంతా తిన్నది. తోలు పదును చేసిన చేతులను మాత్రం ఊరి బయటే ఉంచింది. ఆ చేతులకు అన్నం పెట్టిన మొక్కను ఇప్పుడు మనమే గోడ బయట ఉంచుతున్నాం.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అదీ కేసరాల కొనల్లోని సన్నటి రంధ్రాల్లోంచి రావాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని వణికిస్తేనే రాలుతుంది. లేత ఆకుల మీద తెల్లటి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. పుట్టిన గొంగళిపురుగులను పిట్టలు తమ పిల్లలకు పెడతాయి. ఆకుకు చిల్లులు పడ్డాయని మందు కొడితే ఇదంతా పోయినట్టే. తేనె తాగే పిట్టలకు పక్కన ఒక అడ్డసరం, పండ్లు తినే పిట్టలకు ఒక రేగు చెట్టు ఉంటే ఇంకా మంచిది.

పెంచడం కష్టం కాదు. గింజ పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, తొలకరిలో ఎండ బాగా తగిలే చోట నాటాలి. మొదటి వేసవి దాటే దాకా కాస్త నీళ్లు పోయాలి. మేకలు పెద్దగా ముట్టవు, కంచె ఖర్చు కూడా ఉండదు.

నిర్గమకాండము 23:11 ఒకసారి తీసి చదవండి. ఏడవ ఏట భూమిని బీడుగా వదలమన్న దేవుడు, అందులో పండినది బీదలకు, వారు మిగిల్చినది అడవి జంతువులకు అన్నాడు. బీదలకు న్యాయం, మృగాలకు మేత ఒకే వచనంలో ఉన్నాయి. వాటిని విడదీసింది మనమే.

అయితే ఒక మాట. నాలుగు పొదలు నాటితే సండూరు కొండల గాయం మానదు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాన్ని ఆపించింది, తర్వాత షరతుల మీద అది మళ్లీ మొదలైంది. గనుల వల్ల నష్టపోయిన ప్రజల కోసమే 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. ఆ డబ్బు మన ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, మొక్కలు నాటితే ఏ మొక్కలు నాటారు అని గ్రామసభలో అడగాల్సింది మన యువతే. మొక్క నాటడం ఆ ప్రశ్నకు బదులు కాకూడదు.

యౌవనస్థులారా, ఈ తొలకరికి మీ పాస్టరుగారితో, సంఘ పెద్దలతో మాట్లాడండి. గోడ వెంబడి ఒక్క వరుస పలకలు తీయించండి. తోలు పని చేసిన పెద్దలు ఇంకా ఉంటే మొదటి గింజ వారి చేతనే వేయించండి. లంద ఎలా ఉండేదో, ఊరు ఎలా చూసేదో వారు చెబుతుండగా వినండి.