డిస్క్ పోతే పోనీ, కాపీ పోకూడదు

మన హాస్టల్లో ఒక ఫ్లోర్ మొత్తం తిరిగి చూడండి. డిస్క్ డ్రైవ్ ఉన్న లాప్‌టాప్ ఒక్కటైనా కనిపిస్తుందా? నాకైతే కనిపించలేదు. డిస్క్ పెట్టి సినిమా చూసిన ఆఖరి బ్యాచ్ బహుశా మనదే. అది కూడా చిన్నప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు పెడితే చూడటమే. కాబట్టి "డీవీడీ ప్లేయర్‌కి ఫ్యూచర్ ఉందా?" అని అడిగితే ఫస్టియర్ వాళ్ళు కూడా నవ్వుతారు. ఆ డిబేట్ అయిపోయింది, స్ట్రీమింగ్ గెలిచింది. నేను రాయాలనుకున్నది దాని తర్వాతి ప్రశ్న గురించి. ప్లేయర్‌తో పాటు ఇంకేం పోతున్నాయి?

ముందు స్ట్రీమింగ్‌కి దక్కాల్సిన క్రెడిట్ ఇచ్చేద్దాం. వీసీడీ బొమ్మ సైజు 352×288 పిక్సెల్స్. ఒక్కో డిస్కులో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. అందుకే మన సినిమా రెండు, ఒక్కోసారి మూడు డిస్కుల్లో వచ్చేది. క్లైమాక్స్ ఉన్న డిస్క్ మీదే గీత పడేది, అదేం ఖర్మో! పైగా ఇళ్ళలో తిరిగిన సినిమా డిస్కుల్లో చాలావరకు పైరసీవేనని మనందరికీ తెలుసు. ఆ రోజులు బంగారం అని నేను అనను.

నిజాయితీగా డిస్కులు అమ్మాలని చూసినవాళ్ళూ ఉన్నారు. మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మింది. పైరసీ రేటుకే ఒరిజినల్ ఇస్తే జనం ఒరిజినలే కొంటారని వాళ్ళ లెక్క. లెక్క బాగానే ఉంది కానీ కాలం కలిసిరాలేదు. 2016లో ఒకే ఏడాది నెట్‌ఫ్లిక్స్, జియో, అమెజాన్ ప్రైమ్ వీడియో మూడూ మన దేశంలో దిగాయి. 2018లో మోజర్ బేర్‌ని లిక్విడేట్ చేయమని ఆదేశాలు వచ్చాయి. అమెరికాలో అయితే నెట్‌ఫ్లిక్సే పోస్టులో డీవీడీలు పంపే సర్వీస్‌ని 25 ఏళ్ళ తర్వాత 2023 సెప్టెంబరులో ఆపేసింది. మరుసటి ఏడాది ఎల్‌జీ బ్లూ-రే ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకుంది. ఏలూరులో సీడీలు అద్దెకిచ్చిన కొట్లు ఇప్పుడు రీచార్జ్, జెరాక్స్ షాపులు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి 'ఓనర్‌షిప్'కి తెలుగు మాట ఏంటా అని వెతికాను. 'సొంతం' అని అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది. డిస్క్ మన సొంతం, స్ట్రీమింగ్ లీజు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి వచ్చే ఫ్రెండ్స్‌కి లీజు గురించి నేను చెప్పక్కర్లేదు. చెరువు లీజుకి తీసుకుంటాం, గడువు అయ్యాక గట్టు దిగిపోతాం. స్ట్రీమింగ్‌లో లీజు రెండంచెలు. యాప్ ఆ సినిమాని నిర్మాత దగ్గర లీజుకి తెచ్చుకుంటుంది, మనం ఆ యాప్‌ని నెలకింతని లీజుకి తీసుకుంటాం. పై లీజు అయిపోతే కింద మనం డబ్బులు కడుతున్నా సినిమా ఉండదు.

'ఆర్ఆర్ఆర్' చూడండి. 2022 మేలో ఓటీటీకి వచ్చినప్పుడు తెలుగు వెర్షన్ జీ5లో, హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లో. మన సినిమాని మన భాషలో చూడాలంటే ఏ యాప్ అనేది మన చేతిలో లేదు. అదే సినిమా బ్లూ-రేని 2023లో జపాన్‌లో అమ్మారు. అక్కడి అభిమాని అల్మరాలో 'ఆర్ఆర్ఆర్' ఉంది, భీమవరం అభిమానికి ఉన్నది సబ్‌స్క్రిప్షన్. ఇంకో ఉదాహరణ నయనతార 'అన్నపూరణి'. ఫిర్యాదులు వచ్చాయని 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసేశారు. సినిమా మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. ఒక్క నిర్ణయంతో అందరి ఇళ్ళలోంచి ఒకేసారి మాయమవడం డిస్కుల కాలంలో కుదిరేదా? కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. డిజిటల్ సినిమాకో గేమ్‌కో 'కొనండి' అని బటన్ పెడితే, మీరు కొంటున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. అంటే అక్కడి ప్రభుత్వానికే ఆ బటన్ జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందని అనిపించింది.

"రేయ్, సినిమాలు ఎక్కడికి పోతాయి? ఈ యాప్‌లో లేకపోతే ఇంకో యాప్‌లో" అంటాడు నా రూమ్మేట్. చాలాసార్లు అదే నిజం. కానీ చరిత్ర అలా చెప్పడం లేదు. తొలి తెలుగు మూకీగా చెప్పుకునే 'భీష్మప్రతిజ్ఞ' 1921 నాటిది. ఈరోజు చూద్దామంటే మనకు మిగల్లేదు. 1957 నాటి 'మాయాబజార్' మిగిలింది. మిగిలింది కాబట్టే 2010లో రంగులేసి మళ్ళీ థియేటర్లకి తెచ్చారు. అందులో ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారు పుట్టింది నూజివీడులో, అంటే ఇప్పటి మన ఏలూరు జిల్లాలో. లక్ష్మణకుమారుడు రేలంగి గారు తాడేపల్లిగూడెంలో థియేటర్ కట్టించి, ఆఖరి రోజులు అక్కడే గడిపారు. వాళ్ళ నటన గురించి మనం ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నామంటే, ఎవరో ఎక్కడో రీళ్ళు పాడవకుండా దాచబట్టే.

సరే, సినిమాలకి కంపెనీలున్నాయి, ఆర్కైవులున్నాయి, యూట్యూబ్ ఛానళ్ళున్నాయి. కంపెనీ లేని డిస్కుల సంగతేంటి?

మన అమ్మానాన్నల పెళ్ళి వీడియో గురించి అడుగుతున్నాను. చాలా ఇళ్ళలో అది షోకేసులో, పెళ్ళి ఆల్బమ్ పక్కన, ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. మొదట వీహెచ్ఎస్ క్యాసెట్టు, తర్వాత స్టూడియో వాళ్ళు మార్చిచ్చిన వీసీడీ. మన బారసాల, అక్క ఓణీల ఫంక్షన్, స్కూల్ యానివర్సరీ డాన్స్ అన్నీ డిస్కుల మీదే ఉన్నాయి. తాతయ్య నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది చాలామందికి ఆ డిస్కులోనే. అది ఏ ఓటీటీలోనూ రాదు. ఉన్నది ఒక్క కాపీ.

ఇక్కడ టెక్నికల్ విషయం ఒకటుంది. షాపులో కొన్న సినిమా డిస్క్ ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినది. పెళ్ళి డిస్క్ అలా కాదు, రైటర్‌లో పెట్టి రాసినది. దానిలో డేటా ఒక రంగు పొర మీద ఉంటుంది. వెలుతురుకీ, వేడికీ, తేమకీ ఆ పొర నెమ్మదిగా పాడవుతుంది. కొల్లేరు గాలి తేమ గురించి వేరే చెప్పాలా? పైకి తళతళలాడుతూనే లోపల చదవడానికి వీల్లేకుండా పోవచ్చు. కాబట్టి "డిస్క్ ఉందిగా, భద్రంగానే ఉంది" అనేది కూడా భ్రమే. డిస్క్ శాశ్వతం అని వాదించేవాళ్ళతో నేను ఒప్పుకోనిది ఇక్కడే.

2024 సెప్టెంబరు గుర్తుందా? బుడమేరు విజయవాడని ముంచింది. ఆ నీళ్ళు చివరికి చేరేది కొల్లేరుకే. లంక గ్రామాల రోడ్లు మునిగాయి, ఇళ్ళ చుట్టూ నీళ్ళు చేరాయి. అలాంటప్పుడు కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు, స్ట్రీమింగ్ ఆగిపోతుంది. కానీ నీళ్ళు తీశాక పాస్‌వర్డ్ కొడితే యాప్‌లో సినిమాలన్నీ మళ్ళీ వస్తాయి. నీళ్ళలో నానిన షోకేసులోని పెళ్ళి డిస్క్ మళ్ళీ రాదు. ఈ ఒక్క విషయంలో స్ట్రీమింగ్ దగ్గర మనం నేర్చుకోవాలి. వాళ్ళ సర్వర్లలో ప్రతి సినిమాకీ చాలా కాపీలుంటాయి, చాలా ఊళ్ళలో ఉంటాయి. మన ఇంటి వీడియోకి ఒకటే.

పోనీ క్లౌడ్‌లో పడేద్దామంటే అది కూడా లీజే. గూగుల్ ఫోటోస్‌లో ఫ్రీ అన్‌లిమిటెడ్ స్టోరేజీ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి లైవ్ లింక్ పంపుతున్నారు. అది స్టూడియో వాళ్ళ ఛానల్లో ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఆ స్టూడియో ఉంటుందా, ఆ ఛానల్ ఉంటుందా? లింక్ మన దగ్గరున్నంత మాత్రాన వీడియో మన దగ్గర ఉన్నట్టు కాదు.

బ్యాకప్ గురించి 3-2-1 అనే రూల్ ఉంది. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, అందులో ఒకటి వేరే చోట. మన భాషలో చెప్పాలంటే, ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పెన్‌డ్రైవ్‌లో. ముంపు ఊళ్ళో వాళ్ళు కాగితాలు అటక మీద దాస్తారు. ఇదీ అలాంటి జాగ్రత్తే.

నేను అడిగేవి రెండు. ఒకటి, సినిమా కంపెనీలని. మాకు డిస్కులు అక్కర్లేదు, కానీ డబ్బులిచ్చి కొన్న సినిమాని ఫైలుగా మా దగ్గర ఉంచుకునే దారి ఇవ్వండి. పాటల విషయంలో ఎంపీ3 ఫైళ్ళు కొనే పద్ధతి ఎప్పుడో వచ్చింది, సినిమాకి ఎందుకు రాకూడదు?

రెండోది మనల్నే. ఈ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు షోకేసులోని డిస్కులు పట్టుకురండి. మన క్లబ్ తరఫున ఒక యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొంటే అందరికీ సరిపోతుంది. వీసీడీలో వీడియో డాట్ ఫైళ్ళుగా, డీవీడీలో వాబ్ ఫైళ్ళుగా ఉంటుంది. కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడతాయి. గీతలు పడి మొరాయించే డిస్కులకి డీడీరెస్క్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, చదవగలిగినంత వరకూ లాగుతుంది. ఒక్కో డిస్కుకి ఎవరి పెళ్ళి, ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఫైల్ పేరు తెలుగులోనే పెడదాం. పేర్లు అమ్మమ్మలని అడిగి రాసుకోండి, ఆ వీడియోలో ఎవరు ఎవరో చెప్పగలిగేది వాళ్ళే. క్యాసెట్టు మాత్రమే ఉన్నవాళ్ళు ఇంకా తొందరపడాలి. వీసీఆర్ పనిచేసే స్టూడియో మీ ఊళ్ళో ఉందేమో వెళ్ళగానే కనుక్కోండి.

డీవీడీ ప్లేయర్ ఉన్న ఇంటివాళ్ళకి ఒక్క మాట. ఈ పని అయ్యేదాకా దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి.