పాత వాద్యము, క్రొత్త వెల

మీటలు నొక్కి, మరలు త్రిప్పి విద్యుత్తుచే స్వరములు పలికించు మినీమూగ్ 1970లో అమెరికాలో పుట్టినది. 1981లో తయారీ నిలిచెను. పిదప సంగీతకారులు పాత వాద్యములకై పోటీపడగా వాని వెల పెరిగెను. ఆ పెంపులో ఒక్క డాలరైనను తయారీదారునకు దక్కదు గదా!

2016లో మూగ్ సంస్థ దానినే మరల నిర్మించి 3,500 డాలర్లకు పైగా వెల కట్టెను. పాతదానికి అంత పోయువారు క్రొత్తదానికి వెనుదీయరని వర్తకుడు తలంచుట సహజమే. కాని పాతదాని వెలలో కొంత కొరతకు కట్టిన వెల. తయారీ మొదలిడి కొరతను తీర్చువాడే దాని వెలనుగూడ అడుగుట న్యాయము కాదు. ఆ వలయములనే అనుసరించిన బెరింగర్ పెట్టె 2018లో 300 డాలర్ల ప్రాంతమున దొరకెను. దానికి మీటలు లేవనుట నిజమే. 2022లో మూగ్ వారి వెల మాత్రము 5,000 డాలర్లకు చేరినది.