సామాను కొనే ముందు పాట ఎక్కడుందో చూద్దాం



పోయిన మీటింగులో పాటల రికార్డింగుకు ఒకరి ఇంట్లో గది సిద్ధం చేసి సామాన్లు కొందామన్న మాట వచ్చింది. చేతిలో ఉండబోయేది 25,000 రూపాయలు. ఏ మైకు కొనాలని గ్రూపులో మూడు రోజులుగా ఒకటే వాదన. మా మాట కూడా కాస్త వివరంగా రాస్తున్నాం. పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. రెండేళ్ళ కింద మేము నలుగురం చందాలేసుకుని ఒక కండెన్సర్ మైకు, దానికి 48 వోల్టులు అందించే ఇంటర్‌ఫేసు కొన్నాం. అంగడతను "స్టూడియోల్లో ఇదే వాడతారు" అన్నాడు. నిజమే. మన దగ్గర స్టూడియో గది లేదన్న సంగతి మాత్రం అతను చెప్పలేదు, మేమూ ఆలోచించలేదు. ఒక అవ్వను రేకుల హాలుకు పిలిపించి కూర్చోబెట్టాం. ఇంట్లో రాగులు చెరుగుతూ పాటంతా పాడే అవ్వ, ఎదురుగా మైకు చూసి రెండు చరణాలకే ఆగిపోయింది. ఆ రెండు చరణాల నిండా ఫ్యాను మోత, బస్సు హారన్లు, రేకుల గణగణ. మళ్ళీ పిలుద్దాంలే అనుకున్నాం. ఆరు నెలలకు అవ్వ పోయింది. ఆ పాట ఇప్పుడు వాళ్ళింట్లో ఎవరికీ రాదు.

అందుకే అంటున్నాం: గది తర్వాత, ముందు చేతిలో పట్టుకుపోయే రికార్డరు కొందాం. జూమ్ హెచ్1 లాంటిది చాలు. మైకులు దానిలోనే ఉంటాయి, బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు పోయినా ఆగదు. అవ్వ ఇంట్లోనే, ఆమె కూర్చునే చోటే, పక్కన స్టూలు మీద మడతపెట్టిన తువ్వాలు వేసి దాని మీద పెట్టొచ్చు. పాట ఉన్న చోటికి మనం పోవాలి గానీ, పాటను మన గదికి రప్పించకూడదు.

"ఫోను చాలదా?" అని తమ్ముళ్ళు అడిగారు. ఏమీ లేనప్పుడు ఫోనే దేవుడు. విమానం మోడులో పెట్టి తీయండి, వదలొద్దు. కానీ చాలా ఫోన్లు మోత తగ్గిస్తున్నామని గొంతును కూడా కోసేస్తాయి, శబ్దాన్ని వాటంతట అవే పెంచి తగ్గిస్తాయి. పోయిన ముక్క మళ్ళీ రాదు.

డబ్బు మిగిలితే రెండో విడతలో గది. అప్పుడు కూడా మా ఓటు షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకే. 1966 నుంచి ఉన్న మోడల్ అది, మొరటు వాడకానికి తట్టుకుంటుంది. నోటికి బెత్తెడు దూరంలో పెడితే గొంతు ముందుకొస్తుంది, గది వెనక్కి పోతుంది. మైకు వీపు కిటికీ వైపు, పాడేవాళ్ళ వెనక గోడకు మందపాటి దుప్పట్లు. ఒక్క లోపం ఉంది: మెల్లగా పాడే గొంతుకు ఇంటర్‌ఫేసులో గెయిన్ బాగా పెంచాలి, చవకదైతే బుస్సుమని మోత వస్తుంది. కాబట్టి కొనేముందు హెడ్‌ఫోను పెట్టుకుని విని చూడాలి. ఎడిటింగుకు ఆడాసిటీ ఉచితమే.

ఇక ఎవరూ మాట్లాడని ఖర్చు, దాచుకోవడం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా తీస్తే, స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. వాట్సాప్‌లో పంపి ఫోనులో తుడిచేస్తే అది దాచడం కాదు. రెండు హార్డ్ డిస్కులు కొని, రెండు వేర్వేరు ఇళ్ళల్లో ఉంచాలి. ఈ ఖర్చు తగ్గించి మైకు పెద్దది కొందామంటే మేము ఒప్పుకోం.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, పాట చివర తన పేరు తనే చెప్పేది. డిస్కులు జర్మనీలో తయారయ్యేవి, అక్కడివాళ్ళకు ఎవరి పాటో తెలియాలి కదా. మనమూ అదే చేద్దాం. ఇంటివాళ్ళ అనుమతి అడిగి, ప్రతి పాట చివర పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పిద్దాం. మన పిల్లల్లో చాలామంది తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. పాట నిలవడానికి అదీ ఒక దారే, తప్పు పట్టం. కానీ అవ్వ నోట్లో ఆ మాట ఎలా పలికిందో ఏ అక్షరాలూ చెప్పలేవు. రికార్డు చెబుతుంది.

వచ్చే మీటింగుకు మైకు పేర్లతో రావద్దు. మీ వీధిలో పాటలొచ్చిన పెద్దవాళ్ళ పేర్లతో రండి. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ ఇంటికే ముందు పోదాం.